పానా పట్టనన్న రాజారత్నం

రాజారత్నం బాబాయ్‌కి కోపమొస్తే ఎవరినీ కొట్టడు, తిట్టడు. ఏదో ఒకటి మానేస్తాడు. ఒకసారి టీకొట్టు దగ్గర ఎవరో "టీ పడకపోతే నీకు బోల్టు కూడా తిరగదు గదయ్యా" అన్నారు. ఆ పూటే టీ మానేశాడు. అన్నవాడు ఊరొదిలి మాచర్లలో స్థిరపడ్డాడు, వాడికి ఆ మాట గుర్తు కూడా ఉండదు, ఈయన మాత్రం ఇప్పటికీ టీ ముట్టడు. గోంగూరలో ఉప్పెక్కువైందని భార్యతో మాటా మాటా పెరిగి గోంగూర మానేశాడు. పల్నాడులో పుట్టి గోంగూర తినని మనిషిని నేను ఈయన్నొక్కణ్ణే చూశాను. బావమరిది గడప తొక్కనన్నాడు. ఆ బావమరిది కూతురి పెళ్ళికి మానకుండా వెళ్ళి, షామియానా కింద నిలబడి, అక్కడే తిని, చివరికి పెళ్ళికూతురే బయటికొచ్చి దీవెన తీసుకునేదాకా గడప ఇవతలే ఉన్నాడు.

ఇంత మొండి మనిషిని పట్టుకుని బాబాయ్ అని ఎందుకు పిలుస్తానో నాకే తెలియదు. మాకు చుట్టరికమేమీ లేదు. పిడుగురాళ్ల బైపాస్ మీద మా నాన్న పెట్టిన లారీ స్పేర్ పార్టుల కొట్టు ఇప్పుడు నేను నడుపుతున్నాను. రోడ్డుకు అవతలి పక్క, రేకుల కింద, ఆయన షెడ్డు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను బాబాయ్ అంటున్నాను, ఆయన "ఏందమ్మా ప్రసన్నా" అని పలుకుతున్నాడు, అంతే.

ఆయన గేరుబాక్సు మేస్త్రీ. తండ్రి ఇక్కడి సున్నం బట్టీల్లో రాయి కాల్చి కాల్చి దగ్గుతోనే పోయాడు. "నువ్వు బట్టీ మొహం చూడమాక" అని తల్లి ఈయన్ని లారీ మీద క్లీనరుగా ఎక్కించింది. ఆ లారీ దాచేపల్లి దగ్గర గేర్లు పడక ఆగిపోతే, రోడ్డు పక్కనే గేరుబాక్సు దించి విప్పిన ముసలి మేస్త్రీని చూస్తూ తిండి మర్చిపోయాడట. లారీ బాగై వెళ్ళిపోయింది, ఈయన వెళ్ళలేదు. ఆ మేస్త్రీ వెంట గుంటూరు ఆటోనగర్ చేరి, అక్కడ పని నేర్చుకుని, ఫిలోమినా పిన్నిని పెళ్ళి చేసుకుని మళ్ళీ ఇక్కడికే వచ్చాడు. పిన్ని స్కూల్లో ఆయాగా చేస్తుంది. కూతురు నరసరావుపేటలో నర్సు. చర్చికి తెల్ల చొక్కాతో వెళ్ళినా ఆయన గోళ్ళ చుట్టూ నల్లగానే ఉంటుంది. ఏ సబ్బుకూ అది వదలలేదు.

పని మొదలుపెడితే ఆయనకు ఆగడం రాదు. లారీ వచ్చి నిలబడీ నిలబడకముందే కిందికి దూరి ఉంటాడు. "ముందు చూడు, తర్వాత విప్పు" అని మా నాన్న అనేవాడు. "విప్పితేగదా కనపడేది!" అని ఈయన జవాబు. చాలాసార్లు ఈయన మాటే నిజమయ్యేది. అందుకే శివరామయ్య గారి టిప్పరు వచ్చినప్పుడు కూడా విప్పేశాడు.

శివరామయ్య గారిది రాజుపాలెం. భూములున్న కుటుంబం, ఒకసారి సర్పంచిగా చేశారు, ఎప్పుడూ తెల్లబట్టలే. క్వారీ నుంచి బట్టీలకు సున్నపురాయి తోలడానికి టిప్పర్లు కొన్నారు. అందులో పాత టిప్పరుకు మొదటి రోజు నుంచీ డ్రైవరు యల్లమంద. యల్లమంద గురించి ఒక్క ముక్క చెబితే చాలు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. డాక్టరు మాత్ర వేడినీళ్ళతో వేసుకోమంటే, హైవే మీద లోడు బండి ఆపి, పుల్లలేరి, పొయ్యి పెట్టి, నీళ్ళు కాచుకున్న రకం. వాడికీ బాబాయ్‌కీ కూడా చుట్టరికం లేదు గానీ, మామా అల్లుడూ అని పిలుచుకుంటారు.

"రత్నం మామా, లోడుతో ఎత్తు ఎక్కటంలా. ఇంజను అరుస్తంది, బండి కదల్దు. కింద చూస్తే నూనె కారతంది" అన్నాడు యల్లమంద, ఎండలు ముదురుతున్న ఒక ఉదయం.

లారీకి ముందు ఇంజను, దాని వెనక గేరుబాక్సు. రెంటికీ మధ్య కుండలాంటి ఇనుప గూడు. క్లచ్ ప్లేటు ఉండేది అందులోనే. ఆ గూడు పొడిగా ఉండాలి. దాని అడుగున ఉన్న చిన్న బెజ్జం నుంచి నూనె చుక్కలు పడుతున్నాయంటే, అటు ఇంజను నుంచో ఇటు గేరుబాక్సు నుంచో నూనె లోపలికి వచ్చి ప్లేటును తడుపుతున్నట్టు. తడిసిన ప్లేటు జారుతుంది, బండి ఎత్తు ఎక్కదు.

బాబాయ్ ఒక చుక్క వేలి మీద పట్టి, బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గేరాయిలైతే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టుద్ది. ఇది మాడిన వాసన. ఇంజనుదే. వెనక సీలు పోయింది. దించాల్సిందే."

సాయంత్రానికి గేరుబాక్సు నేల మీద ఉంది. ఇంజను ఇరుసు చుట్టూ నూనెను ఆపే రబ్బరు చక్రాన్నే సీలంటారు. దాని అంచు నిజంగానే చిరిగి ఉంది, చిరుగుల్లో తెల్లగా సున్నం. యల్లమందను పిలిచి చూపించాడు.

"చూడరా అల్లుడూ. సున్నం దుమ్ము పోయి గీకేసింది. ఇంజనులోకి సున్నం పోనీయమాక. అర్థమైందా?"

"అట్టాగే మామా" అన్నాడు యల్లమంద, బడిపిల్లాడిలా తలూపి.

కొత్త సీలు నా కొట్టు నుంచే వెళ్ళింది, కొత్త ప్లేటు కూడా. కొన్నాళ్ళు బాగానే తిరిగింది. తర్వాత మళ్ళీ అదే చుక్క. మళ్ళీ దించారు. ఈసారి సీలు చెక్కుచెదరలేదు. అంచు అద్దంలా ఉంది. అయినా దాన్ని దాటుకుని నూనె వచ్చింది. బాబాయ్‌కి అర్థం కాలేదు. అర్థం కాకపోతే ఆయనకు కోపమొస్తుంది. ఆ సీలు పట్టుకుని రోడ్డు దాటి నా కొట్టుకొచ్చాడు.

"ఇదేం సీలమ్మా? నకిలీ సరుకు అమ్ముతున్నావా?"

"మీ బిగింపు సరిగ్గా లేక నా సరుకును అంటే ఊరుకోను బాబాయ్" అన్నాను నేను. నా నోరూ తక్కువది కాదు.

టీకొట్టు దగ్గరున్న వాళ్ళంతా కాసేపు గ్లాసులు పట్టుకుని వినోదం చూశారు. ఆయన గుంటూరు వెళ్ళి తన ఆటోనగర్ దోస్తు దగ్గర ఇంకో సీలు తెచ్చుకున్నాడు. యల్లమంద మీదా విరుచుకుపడ్డాడు. "సున్నం పోనీయమాకని చెప్పానా లేదా? చెవులకేమన్నా అడ్డం పెట్టుకున్నావా? గట్టిగా చూసుకోవద్దంట్రా!" వాడు తల వంచుకుని "ఇంకా గట్టిగా చూసుకుంటా మామా" అన్నాడు.

బండి తీసుకెళ్ళడానికి శివరామయ్య గారే వచ్చారు. టీకొట్టు బల్ల మీద కూర్చుని, ఎగతాళో మామూలో తెలియని గొంతుతో అడిగారు. "ఏం రత్నం, రెండుసార్లు దించావు. మూడోసారి ముహూర్తం ఇప్పుడే పెట్టుకుందామా?"

అంతే. బాబాయ్ మొహం ఎర్రబడింది. లేచి వెళ్ళి శివరామయ్య గారి చేతిలో చెయ్యేశాడు.

"ఈసారి ఆ బెజ్జంలోంచి చుక్క రాలిందా, ఈ జన్మలో పానా పట్టను. నలుగురూ ఇనండి."

నలుగురూ విన్నారు. ఎవరూ నవ్వలేదు. టీ సంగతీ గోంగూర సంగతీ తెలియని వాళ్ళెవరూ అక్కడ లేరు. గోంగూర మానేస్తే పప్పు ఉంటుంది. పానా మానేస్తే ఈ మనిషికి ఇంకేముంటుంది?

చుక్క రాలింది.

మూడోసారి బండి షెడ్డు ముందు ఆగినప్పుడు బాబాయ్ కిందికి దూరలేదు. వంగి చూశాడు. బెజ్జం కింద నల్లగా వేలాడుతున్న చుక్కను చూశాడు. లేచి, పానాలన్నీ గోనెసంచిలో వేసి, మూతి కట్టి, నిచ్చెనేసుకుని అటక మీద పెట్టాడు. వెంట వచ్చిన శివరామయ్య గారు బండి తీసుకెళ్ళమని యల్లమందకు సైగ చేశారు. అలా జారుతూనే, సగం లోడుతో, బండి తిరుగుతూ ఉంది.

తర్వాతి రోజులు చూడలేకపోయాను. లారీలు వచ్చేవి. "చెయ్యటంలేదు, ముందుకు పోండి" అనేవాడు. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని షెడ్డులో కూర్చునేవాడు. ఇంట్లో కుళాయి కారుతుంటే పిన్ని పక్కింటివాళ్ళ అబ్బాయిని పిలిచి బిగించుకుంది, దానికీ పానా కావాలిగా మరి. ఈయన పక్కనే నిలబడి, వాడు ఎటు తిప్పాలో తెలియక తడబడుతుంటే, పళ్ళు కొరుక్కుంటూ చేతులు వెనక్కి కట్టుకున్నాడట. పిన్ని ఆ మాట చెబుతూ నవ్వబోయి ఏడ్చేసింది. ఒకరోజు కొట్టుకొచ్చినప్పుడు ఆయన గోళ్ళు చూశాను. తెల్లబడుతున్నాయి. నాకు భయమేసింది. నోరు జారి సీలు గురించి అన్న మాటకు నన్ను నేను తిట్టుకున్నాను.

"ఆ మాట ఎనక్కి తీసుకో బాబాయ్. ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాను.

"అనుకోకపోతే ఇంకా అన్నాయం గదమ్మా. రాజారత్నం మాటంటే ఇంతేలే అని వొదిలేసినట్టేగా" అన్నాడు.

ఒక శనివారం పొద్దున్నే యల్లమంద టిప్పరు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. దిగి, తువ్వాలు చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు.

"మామా, సోమారం నుంచి ఇంకో డ్రైవరొస్తాడంట. నేను క్లచ్ మీద కాలేసి తొక్కీ తొక్కీ బండి నాశనం చేశానంట. అయ్యగారు మొహం చూడకుండా చెప్పాడు. నేనట్టా తొక్కేవాణ్ణా? నీకు తెల్దా? ఒక్కసారి చూడు మామా."

"పానా పట్టనురా" అన్నాడు బాబాయ్, కుర్చీలోంచి లేవకుండా.

ఫిలోమినా పిన్నికి ఆ రోజు సెలవు. షెడ్డును ఆనుకునే ఉన్న వాళ్ళింటి గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తిపీట ఆపింది.

"పానా పట్టనన్నావు. చూడనని అనలేదుగా?"

బాబాయ్ ఆమె వైపు తిరిగాడు.

"కళ్ళకేమన్నా ఒట్టేశావా? ముక్కుకేశావా? ఎప్పుడూ విప్పటమేగానీ ఒక్కనాడన్నా నిదానంగా చూసిన పాపాన పోయావా? చేతులు కట్టుకుని చూడు. చూస్తే ఏం పోద్ది?"

ఆమె గొంతుకు నేనూ కొట్టు బయటికొచ్చాను, అందరం ఆయన్నే చూస్తున్నాం. బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. లేచిన తీరు చూసి నేను కొట్టు పనివాడికి అప్పజెప్పి రోడ్డు దాటాను.

ముందు కడగమన్నాడు. యల్లమంద డీజిలూ సబ్బునీళ్ళూ పెట్టి ఇంజను వెనక భాగం, ఆ ఇనుప గూడు, గేరుబాక్సు ముందు భాగం, ఇనుము రంగు తేలేదాకా తోమాడు. ఎండలో ఆరనిచ్చారు. "పైనుంచి ఎక్కణ్ణుంచన్నా కారి, గూడు మీదుగా దిగి, బెజ్జం దగ్గర చుక్క కడతందేమో. నేనెప్పుడూ ఆ సంగతి చూళ్ళా" అన్నాడు బాబాయ్. కడగకుండా ఆ సంగతి తెలియదు. తెలుసుకోవడానికి ఏదన్నా పొడి చల్లాలన్నాడు. నేను వెళ్ళి కొట్టు ముందు వేసే ముగ్గు పిండి డబ్బా తెచ్చాను. కడిగిన చోటంతా పలచగా చల్లాం. టిప్పరు నడుముకు పౌడరు పూసినట్టయింది.

ఇంజను స్టార్టు చేయించాడు. వెనక చేతులు కట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, కదలకుండా చూస్తున్నాడు. ఆయన్ని అంత నిదానంగా నేనెప్పుడూ చూడలేదు. పైన వేసిన పిండి పొడిగానే ఉంది. పక్కలు పొడిగానే ఉన్నాయి. కాసేపటికి బెజ్జం చుట్టూ పిండి తడిసి నల్లబడింది.

"లోపల్నుంచే వస్తంది. సీలు దాటుకునే వస్తంది" అన్నాడు నీరసంగా. పిన్ని మొహం వాడిపోయింది. ఇంతకు ముందు తెలిసిందే మళ్ళీ తెలిసింది.

కానీ ఆయన లేవలేదు. వేరే రోజైతే ఈపాటికి బోల్టులు విప్పుతూ ఉండేవాడు. విప్పడానికి లేదు గనుక ఆలోచించాడు. "కొత్త సీలు. మంచి సీలు. గుంటూరుదీ కారింది, ప్రసన్న ఇచ్చిందీ కారింది. సీలు ఆపలేకపోతందంటే, ఎనకమాల ఎవడో నెడుతున్నట్టు" అని తనలో తాను అనుకున్నాడు. క్యాబిన్ ఎత్తించి, నడుస్తున్న ఇంజను మీద, నూనె పోసే చోటి మూత చేత్తో తిప్పి తీసి, తిరగేసి ఆ పోసే బెజ్జం మీదే ఊరికే పెట్టాడు. మూత కుదురుగా కూర్చోలేదు. టపటపా కొట్టుకుని ఎగిరి పక్కన పడింది. బెజ్జంలోంచి పొగ గుప్పున తన్నుకొచ్చింది.

బాబాయ్ కళ్ళు పెద్దవయ్యాయి.

"గాలి! లోపల గాలి బిగిసిపోయిందే! ఊపిరి పోటానికి దారి లేదు దీనికి. అందుకే నూనెను సీలు మీదికి తోస్తంది. ఎన్ని సీళ్ళు మారిస్తే ఏం లాభం?"

ప్రతి ఇంజనుకూ లోపలి గాలి బయటికి వదిలే గొట్టం ఒకటుంటుంది. బ్రీదర్ పైపంటారు. అది ఇంజను పక్క నుంచి దిగి, బండి చట్రం వెనక్కి మలుపు తిరిగి, నేల వైపు నోరు పెట్టుకుని ఉంటుంది. ఇంజను ఆపించి, బాబాయ్ కిందికి దూరి, ఆ గొట్టం వెంట చెయ్యి పోనిచ్చాడు. చెయ్యి ఒకచోట ఆగింది.

"ఇదేందిరా ఇక్కడ?"

గొట్టం చివర తలకాయంత మూట. గోనెగుడ్డ చుట్టి, పైన తాడుతో బిగించి ఉంది. నూనె ఆవిరీ, వాన తడీ, సున్నం దుమ్మూ కలిసి పట్టి అది రాయైపోయింది.

"అదా? నేనే కట్టా మామా" అన్నాడు యల్లమంద. గొంతులో గర్వం కూడా ఉంది.

"ఎందుకు కట్టావురా?"

"నువ్వేగా, సున్నం లోపలికి పోనీయమాకన్నావు? బండంతా చూశా, తెరిచున్న నోరు అదొక్కటే కనపడింది. మొదటిసారి చెప్పినప్పుడు నా తువ్వాలు కట్టా. రెండోసారి నువ్వు కేకలేశావుగా, అప్పుడు మా ఆడోళ్ళ పాతచీర రెండు మడతలేసి, దాని మీద గోనె చుట్టా. చానా గట్టిగా కట్టా మామా, ఊడదు."

ఊరి సంగతి తెలియనివాళ్ళు దీన్ని తెలివితక్కువతనం అనుకుంటారు. పిడుగురాళ్లలో గుడ్డ కట్టని వస్తువుండదు. నీళ్ళ డ్రమ్ముకు గుడ్డ, మిక్సీకి గుడ్డ, కుట్టుమిషనుకు గుడ్డ, బట్టీ పనివాళ్ళ ముక్కుకు గుడ్డ. తెరిచిన నోరు కనపడితే గుడ్డ కట్టడం ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ అలవాటు. అందుకే బాబాయ్ రెండోసారి గేరుబాక్సు దించినప్పుడు గానీ, చుక్క చూడ్డానికి వంగినప్పుడు గానీ ఆ మూట ఆయన కంట్లో పడలేదు. పడినా, గుడ్డేగా అనుకుని ఉంటాడు.

పిన్ని కత్తిపీట తెచ్చిచ్చింది. తాడు కోసి, మూట పగలగొట్టి ఊడదీశారు. గొట్టం లోపలి అట్టు కూడా పుల్లతో గీకారు. మళ్ళీ ఇంజను వేస్తే నూనె మూత బెజ్జం మీద బుద్ధిగా కూర్చుంది. కింద తుడిచి, మళ్ళీ ముగ్గు పిండి చల్లి, ఉన్న క్లచ్ తోనే మెల్లగా దాచేపల్లి దాకా పోయి రమ్మన్నాడు. యల్లమంద వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అందరం వంగి చూశాం. గూట్లో మిగిలిన పాత తడి బెజ్జం అంచున కాస్త మెరుస్తోంది, చుక్క లేదు. పిండి తెల్లగా ఉంది.

నేను ఆగలేకపోయాను. "బాబాయ్! సీలు తప్పు కాదు, మీ పని తప్పు కాదు. గుడ్డ కట్టి గాలి మూసినందువల్ల కారింది. మీ మాట పోయినట్టు కాదు. పానాలు దించండి!"

ఆయన అటక వైపు చూశాడు. ఎన్నాళ్ళకో ఆ మొహంలో వెలుగు కనిపించింది. పిన్ని అప్పటికే నిచ్చెన దగ్గరికి వెళ్ళింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు యల్లమంద గుర్తు లేడు. వాడు టిప్పరు టైరు పక్కన ఆ గోనె మూట చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తను చేసిందేమిటో వాడికి అప్పుడే అర్థమవుతోంది.

శివరామయ్య గారికి ఎవరో ఫోను చేసినట్టున్నారు. తెల్లబట్టల్లో కారు దిగారు. ఆయన వెనకే టీకొట్టు జనం అంతా రోడ్డు దాటి వచ్చారు. సంగతి విన్నారు. మూట చూశారు.

"ఇది కట్టిందెవడు?" అన్నారు.

యల్లమంద ఆ మూట వైపే చూస్తూ నిలబడ్డాడు. అందరం బాబాయ్ వైపు చూస్తున్నాం. ఒక్క మాట చాలు. నీ డ్రైవరు కట్టాడంటే చాలు, పంతం నిలుస్తుంది, పానా చేతికొస్తుంది. అబద్ధం కూడా కాదు. అనేస్తాడనే నేను అనుకున్నాను. అనెయ్యాలనే కోరుకున్నాను.

బాబాయ్ అటక మీద నుంచి చూపు దించాడు.

"కట్టింది వాడు. కట్టించింది నా నోరు. సున్నం పోనీయమాక, పోనీయమాక అని అరిచానేగానీ, ఎక్కడ మూయాలో ఎక్కడ మూయకూడదో చెప్పలా. వాడు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషని తెలిసీ చెప్పలా. వాణ్ణి ఏమన్నా అంటే నన్నన్నట్టే, శివరామయ్యగారూ."

"అయితే నీ తప్పేనంటావు."

"నాదే."

"అయితే నాకిచ్చిన మాట?"

"పోయింది" అన్నాడు బాబాయ్. "నలుగుర్లో అన్నా, నలుగుర్లోనే ఓడిపోయా. కానీ ఆ ప్లేటు తడిసి నాశనమైంది, మార్చకపోతే ఎత్తెక్కదు. సోమారానికి వాడు లోడెత్తాలి. నా నోటితో చెడగొట్టింది నా చేత్తోనే బాగుచేస్తా. ఆ తర్వాత మీరంతా ఏమన్నా అనుకోండి, ఎన్నాళ్ళన్నా నవ్వుకోండి."

ఆయన నిచ్చెన ఎక్కి సంచి దించాడు. మూతి విప్పి, నేల మీద బోర్లించాడు. వాటిని ముట్టుకోకుండానే వీపు కింద గోనెపట్టా పరుచుకుని టిప్పరు కిందికి జరిగాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. తర్వాత ఖాళీ చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

"ఒరేయ్ అల్లుడూ, పంతొమ్మిదో నంబరు అందుకో."

యల్లమంద వంగబోయి ఆగిపోయాడు. పెద్దమనిషి చేతిలో చెయ్యేసి వద్దనుకున్న వస్తువు. అది తన చేత్తో అందించి మామ మాట తప్పించడానికి వాడికి ధైర్యం చాల్లేదు. పిన్నికీ చాల్లేదు. నాకూ చాల్లేదు. టీకొట్టు వాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. ఆ చెయ్యి అలాగే చాపి ఉంది. గోళ్ళు తెల్లగా ఉన్నాయి.

శివరామయ్య గారు పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టారు. ఆ జిడ్డు నేల మీద గొంతుక్కూర్చున్నారు. పానాల్లో ఏది పంతొమ్మిదో ఆయనకు తెలియదు, ఒక్కొక్కటే తిప్పి అంకె చదువుకుంటూ వెతికారు. దొరికాక, ఏ చేతిలో బాబాయ్ చెయ్యేశాడో ఆ చేత్తోనే తీసి, ఆ ఖాళీ చేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

"పట్టుకో రత్నం" అన్నారు.

టిప్పరు కింద మొదటి బోల్టు తిరిగింది.